అడ్డం 18, నిలువు 78

గళ్ళ నుడికట్టు పూరించే అలవాటున్న పాఠకులకు అక్షాంశ రేఖాంశాల గురించి వేరే పాఠం చెప్పవలసిన పని లేదు. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. రెండూ కలిసిన చోట ఒక గడి. భూగోళం మీద కూడా అంతే. కాకపోతే యిది గుండ్రటి నుడికట్టు. దీని గీతలు నేల మీద ఎవరికీ కనపడవు. పొలానికి వెళ్ళేటప్పుడు రోజూ వాటిని దాటుతూనే ఉంటాం గాని, కాలికి ఒక్కటీ తగలదు.

భూగోళశాస్త్రం నా విద్య కాదు. కళాశాలలో ప్రబంధాలూ, ఛందస్సూ చెప్పుకుని బ్రతికే తెలుగు పంతుల్ని. అయినా యీ విషయం మీద కలం పట్టడానికి కారణం మా వైపు ఊళ్ళ పేర్లే. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి, రామారెడ్డి—ఇవన్నీ మనుషులు కారు, ఊళ్ళు! కోస్తా నుంచి వచ్చిన మిత్రుడొకాయనతో, "రేపు రామారెడ్డికి వెళ్ళి, ఎల్లుండి ఎల్లారెడ్డికి పోతాను" అన్నాను. "ఇద్దరూ అన్నదమ్ములా?" అని అడిగాడాయన. తప్పు ఆయనది కాదు. పేరు చెప్పినంత మాత్రాన ఊరు దొరకదు.

పోనీ, చిరునామా వ్రాద్దామంటే అది కూడా నిలకడగా ఉండేది కాదు. మా తాతగారి కాలంలో రామారెడ్డికి ఉత్తరం వ్రాస్తే, అది నిజాం రాజ్యంలోని ఊరు. 1948 తర్వాత హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లా. ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. ఊరు మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. కాలభైరవస్వామి గుడి గంట అక్కడే మ్రోగుతోంది. మారింది మనం వ్రాసుకున్న నాలుగు వరుసలే.

మారని చిరునామా ఒకటుంది. అది ఇంచుమించు యిది: ఉత్తర అక్షాంశం 18.4 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 78.4 డిగ్రీలు. రాజులు మారినా, రాష్ట్రాలు మారినా యీ అంకెలు మారలేదు. మన ఖండం ఏటా కొద్ది సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతోందని శాస్త్రజ్ఞులు చెబుతారు గాని, ఆ తేడా మన పోస్టుమానుకు అక్కరలేదు.

ఈ చిరునామాలో నాలుగు సంగతులున్నాయి: రెండు అంకెలు, రెండు దిక్కులు. నాలుగూ ఉండాలి, ఉన్న వరుసలోనే ఉండాలి. లేకపోతే ఏమవుతుందో చూడండి. అంకెల్ని తారుమారు చేసి, ముందు 78.4, తర్వాత 18.4 అన్నామనుకోండి. మనం ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వే వారి స్వాల్బార్డ్ దీవుల మంచుమీద ఉంటాం. అక్కడ తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. వేసవిలో నెలల తరబడి సూర్యుడు అస్తమించడు. సరే, అంకెలు సరిగానే చెప్పి, తూర్పుకు బదులు పడమర అన్నామా, వెస్టిండీసులోని జమైకా దీవి పడమటి కొనకు అవతల సముద్రంలో పడతాం. ఉత్తరానికి బదులు దక్షిణం అంటే హిందూమహాసముద్రం నడిమధ్యన! ఒక్క మాట తేడా వస్తే రామారెడ్డి మునిగిపోయినట్టే.

ఇంతకీ యీ అంకెలు ఎవరు చెప్పారు? ఎలా తెలిశాయి? ఇక్కడే నాకు కథ రుచించింది. చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉన్నా, అక్షాంశం పుట్టుక వేరు, రేఖాంశం పుట్టుక వేరు.

ముందు అక్షాంశం సంగతి. అక్షం అంటే ఇరుసు. బండి చక్రానికి ఇరుసు ఉన్నట్టే భూమి తిరగడానికి కూడా ఒక ఇరుసు ఉన్నదని ఊహించుకుంటాం. దాని ఉత్తరపు కొన ఇంచుమించు ధ్రువ నక్షత్రం వైపు చూస్తూంటుంది. అందుకే ఆకాశంలో చుక్కలన్నీ తిరుగుతున్నట్టు కనిపించినా, ధ్రువుడు మాత్రం కదలనట్టే ఉంటాడు. పెళ్ళిలో పురోహితుడు వధూవరులకు అరుంధతితో పాటు ధ్రువుణ్ణి చూపించేది, మీ కాపురం కూడా అలా స్థిరంగా ఉండాలనే గదా!

భూమధ్యరేఖ మీద నిలబడిన వాడికి ధ్రువుడు సరిగ్గా దిగంతాన, నేలనంటి ఉంటాడు. ఉత్తర ధ్రువం దగ్గర నిలబడిన వాడికి నడినెత్తిన ఉంటాడు. మనం ఉత్తరానికి నూట పదకొండు కిలోమీటర్లు నడిస్తే, ధ్రువుడు ఒక డిగ్రీ పైకి లేస్తాడు. కన్యాకుమారిలో ఎనిమిది డిగ్రీల ఎత్తున కనిపించేవాడు శ్రీనగరులో ముప్ఫై నాలుగు డిగ్రీల ఎత్తున ఉంటాడు. అంటే ధ్రువుడి ఎత్తు ఎంతో, ఆ ఊరి అక్షాంశం అంత. ఒక డిగ్రీలోపు తేడా ఉంటుంది గాని, ఇంటి లెక్కకు అది చాలు.

దీనికి యంత్రం కూడా అక్కరలేదు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు కంటికి సుమారు పది డిగ్రీలు. రామారెడ్డిలో మేడమీద ఉత్తరం వైపు తిరిగి, దిగంతం మీద ఒక పిడికిలి, దాని మీద ఇంకొకటి పెట్టండి. రెండో పిడికిలి పూర్తి కాకముందే ధ్రువుడు చిక్కుతాడు. అదే మన పద్దెనిమిదిన్నర. పగలు చూడాలనుకునేవారికి మరో దారి. మే 13 ప్రాంతాన ఒకసారి, జూలై 30 ప్రాంతాన మరొకసారి మధ్యాహ్నం సూర్యుడు రామారెడ్డికి సరిగ్గా నడినెత్తిన వస్తాడు. వాకిట్లో నిలబెట్టిన రోకలికి పక్కన నీడ పడదు. హైదరాబాదులో యీ తేదీలు వేరు, నాగపూరులో వేరు. ఊరి అక్షాంశాన్ని బట్టి ఆ రోజు మారుతుంది.

కాబట్టి అక్షాంశం ఆకాశం చెప్పే మాట. ఎవరినీ అడగనక్కరలేదు. తల ఎత్తి చూస్తే చాలు.

రేఖాంశానికి యీ సౌకర్యం లేదు. జమైకా కూడా సుమారు పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీదే ఉంది. అక్కడివాడు మేడ ఎక్కి పిడికిళ్ళు పట్టినా ధ్రువుడు అంతే ఎత్తున కనిపిస్తాడు. మన ఆకాశమే అతని ఆకాశం. మరి తేడా ఎక్కడుంది? కాలంలో ఉంది. మనకు మిట్టమధ్యాహ్నమైతే అతనికింకా తెల్లవారదు. భూమి ఇరవై నాలుగు గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు పదిహేను, ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు. రెండు ఊళ్ళ మధ్య మధ్యాహ్నానికి ఎన్ని నిమిషాల తేడా ఉందో తెలిస్తే, ఎన్ని డిగ్రీల దూరమో తెలిసిపోతుంది. కాని మనం ఇక్కడ ఉండి, అక్కడ గంట ఎంతైందో తెలుసుకోవడమెలా?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలియక సముద్రంలో వేలమంది ప్రాణాలు పోయాయి. 1707లో ఇంగ్లండు నౌకాదళం ఓడలు తామెక్కడున్నామో అంచనా తప్పి, సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుని మునిగాయి. 1714లో ఆ దేశపు పార్లమెంటు, సముద్రం మీద రేఖాంశం కనిపెట్టే ఉపాయం చెప్పినవారికి 20,000 పౌన్ల వరకూ బహుమతి అని చట్టం చేసింది. ఖగోళ పండితులు చంద్రుణ్ణి పట్టుకుని లెక్కలు వేస్తూండగా, జాన్ హారిసన్ అనే వడ్రంగి కొడుకు, ఓడ ఎంత ఊగినా పరుగు తప్పని గడియారం తయారు చేస్తానన్నాడు. దశాబ్దాలు కష్టపడ్డాడు. అతని నాలుగో గడియారం 1761 చివర ఓడ ఎక్కి, 1762 జనవరిలో జమైకా చేరింది. సుమారు ఎనభై రోజుల ప్రయాణంలో అది తప్పింది కేవలం అయిదు సెకండ్లు! బయలుదేరిన ఊరి కాలాన్ని జేబులో పెట్టుకు వెళ్ళినట్టయింది. చిత్రమేమంటే, డబ్బు పూర్తిగా చేతికందడానికి హారిసన్ 1773 దాకా తిరగవలసి వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగడం మనకే ప్రత్యేకం కాదన్నమాట.

మనవాళ్ళకు యీ సంగతి ఏనాటి నుంచో తెలుసు. మన సిద్ధాంత గ్రంథాలు ఉజ్జయిని మీదుగా పోయే రేఖను మొదటి రేఖగా పెట్టుకున్నాయి. ఆ రేఖకు తూర్పున ఉన్న ఊరికి ఒక లెక్క, పడమట ఉన్న ఊరికి ఒక లెక్క. దానికి దేశాంతర సంస్కారమని పేరు. మా రామారెడ్డి ఉజ్జయినికి రెండున్నర డిగ్రీల పైచిలుకు తూర్పున ఉంది. డిగ్రీకి పది విఘడియల చొప్పున, ఉజ్జయిని కంటే యిరవై ఆరు విఘడియల ముందు మాకు మధ్యాహ్నమవుతుంది. ఇరవై ఆరు విఘడియలంటే సుమారు పదిన్నర నిమిషాలు.

అయితే సున్నా ఎక్కడ పెట్టాలి? అక్షాంశాలకు యీ తగాదా లేదు. భూమి తిరగడంలోనే మధ్యరేఖ ఎక్కడో నిర్ణయమై ఉంది. రేఖాంశాలకు అలాంటి సహజమైన మొదలు లేదు. మనది ఉజ్జయిని, ఫ్రెంచివారిది పారిస్, ఇంగ్లీషువారిది గ్రీనిచ్. చివరకు 1884లో వాషింగ్టనులో 25 దేశాల ప్రతినిధులు కూర్చుని, గ్రీనిచ్ దగ్గరే సున్నా అని తీర్మానించారు. ఫ్రాన్సు వోటు వెయ్యకుండా ఊరుకుంది. కాబట్టి అక్షాంశం ప్రకృతి ఇచ్చింది. రేఖాంశం మనుషులు ఒప్పుకున్నది. పదిమందీ ఒక మాట మీద నిలబడితే తప్ప రెండో అంకెకు అర్థం లేదు.

మన గడియారాలు కూడా ఒక ఒప్పందమే. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే కాలం అన్నారు. దాని కొలత 82½ డిగ్రీల రేఖాంశం. ఆ రేఖ మన తెలుగునాట కాకినాడకు కొంచెం తూర్పుగా, తుని ప్రాంతం నుంచి పోతుంది. రామారెడ్డి దానికి నాలుగు డిగ్రీల పైగా పడమట ఉంది. అందుకని గోడ గడియారం పన్నెండు కొట్టినప్పుడు మాకింకా మధ్యాహ్నం కాదు. సగటున మరో పదహారు నిమిషాలు ఆగాలి. సూర్యుడి నడకలో ఏడాది పొడుగునా ఉండే హెచ్చుతగ్గుల వల్ల, మే మధ్యలో అది పదమూడు నిమిషాలు కావచ్చు, జూలై చివర ఇరవై మూడు కావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్ళకు పంచాంగం దగ్గర యీ పేచీ వస్తుంది. బెజవాడ కాలానికి గణించిన సూర్యోదయం మాకు వర్తించదు. రేఖాంశపు తేడా ఒక్కటే చూసుకున్నా, అక్కడ ఉదయించిన సూర్యుడు మా ఊరు రావడానికి సుమారు తొమ్మిది నిమిషాలు పడుతుంది. లగ్నం అంచున పెట్టుకున్న ముహూర్తమైతే, తొమ్మిది నిమిషాలు తక్కువేమీ కాదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చినప్పుడు, జాతీయ పంచాంగానికి రేఖాంశం 82½ డిగ్రీలుగానూ, అక్షాంశం 23 డిగ్రీల 11 నిమిషాలుగానూ నిర్ణయించింది. ఆ అక్షాంశం ఉజ్జయినిదే. పాతనూ కొత్తనూ అలా ఒకే బిందువు దగ్గర కలిపారు.

ఈ అంకెలు మా నేల మీద మొదట ఎలా కొలిచారో కూడా చెప్పాలి. కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్ళేవారు రేఖాంశంలో 78.3 నుంచి ఇంచుమించు 78కి వస్తారు. అంటే ఎల్లారెడ్డికి కామారెడ్డి కంటే నిమిషం పైచిలుకు ఆలస్యంగా మధ్యాహ్నమవుతుంది. ఈ 78వ రేఖ చిన్నది కాదు. కన్యాకుమారి నుంచి హిమాలయాల అడుగుదాకా సుమారు 2,400 కిలోమీటర్లు, యీ రేఖకు కొంచెం అటూ యిటూగా, భూమిని కొలుచుకుంటూ పోయారు. చరిత్రలో దానికి మహాచాపమని పేరు.

1802లో విలియం లాంబ్టన్ అనే సైనికోద్యోగి మద్రాసు పరంగిమల దగ్గర నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళ గీత ఒకటి కొలిచి పని మొదలుపెట్టాడు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే తక్కిన రెండు భుజాలూ లెక్కకు దొరుకుతాయి. ఆ కిటుకుతో, అర టన్ను బరువున్న కోణమాపక యంత్రాన్ని కొండ నుంచి కొండకు, గుడి గోపురం నుంచి కోట బురుజుకు మోయించుకుంటూ వచ్చారు. 1815లో బీదరు సమీపాన దామరగిద్ద దగ్గర మళ్ళీ ఒక గీత గొలుసుతో కొలిచి, లెక్క సరిచూసుకున్నారు. నక్షత్రాలను బట్టి దాని అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాలని తేల్చారు. మా రామారెడ్డి అక్షాంశానికి అది నలభై కిలోమీటర్లు మాత్రమే దక్షిణం.

1819 వర్షాకాలంలో జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో యీ పనికి దిగి, తన పరివారంతో సహా విషజ్వరాల పాలయ్యాడు. కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొనకు వెళ్ళవలసి వచ్చింది. లాంబ్టన్ 1823లో హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్ళే దారిలో, హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. దొరల పేర్లు పుస్తకాల కెక్కాయి. ఎవరెస్టు పేరు శిఖరానికే పెట్టారు. గొలుసు లాగినవారు, యంత్రం మోసినవారు, కొండ మీద జెండా పట్టుకుని నిలబడినవారు మనవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కుంపిణీకి కావలసింది దేశం మీద పట్టూ, పన్నూ. ఏమైతేనేం, అలా కొలిచిన కొలతల మీదే తర్వాతి పటాలన్నీ నిలబడ్డాయి.

ఇప్పుడు ఆ అర టన్ను పని జేబులోని ఫోను చేస్తోంది. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు, ఒక్కొక్కటీ అణుగడియారం పెట్టుకుని, "ఇప్పుడు కాలం యింత" అని చాటుతూంటాయి. ఆ మాట మన దగ్గరికి ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, ఫోను దూరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాల మాట వినిపిస్తే చాలు, రెండంకెలూ తేలతాయి. సెకండులో పది లక్షల వంతు తప్పినా మూడువందల మీటర్లు తప్పుతుంది. హారిసన్ గడియారమే ఆకాశానికి ఎక్కిందనుకోండి.

ఇదంతా పిల్లల పరీక్షలకు పనికివచ్చే సంగతి అనుకునేవారి కోసం ఒక రాత్రి మాట చెబుతాను. 2025 ఆగస్టు 27, వినాయక చవితి. కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగిపడింది. రోడ్లు తెగాయి, రైలుమార్గం కోసుకుపోయింది, కరెంటు పోయింది. మా అక్కయ్య మా యింటికి పండక్కి వచ్చింది. బావ మాత్రం మోటారు చూసి వస్తానని పొలం వెళ్ళి, వాగు అవతల చిక్కుకున్నాడు. రాత్రి ఫోను దొరికింది.

"బావా, ఏడున్నవ్?"

"బాయికాడ షెడ్డు మీదికెక్కిన. రెండు దిక్కుల నీళ్ళే."

"ఏ బాయి కాడ?"

"గదే, చింతచెట్టు కాడ!"

మా మండలంలో చింతచెట్టు లేని పొలమేది? పైగా ఆ రాత్రి గట్టు లేదు, బాట లేదు, అంతా ఒకటే నీరు. అక్కయ్య దేవుడి గూటి ముందు కూర్చుని లేవలేదు. అప్పుడు మా అమ్మాయి ఫోను అందుకుంది. "మామా, ఫోన్ల దిక్సూచి తెరువు. కింద అంకెలుంటయ్, ఒక్కొక్కటి చదువు" అంది. పటం తెరుచుకోవడానికి నెట్టు కావాలి గాని, ఉపగ్రహాల మాట వినడానికి అక్కరలేదు. బావ డెబ్బై ఎనిమిది అని మొదలుపెట్టాడు. "అది తర్వాత. పద్దెనిమిదితోటి సురువు చెయ్" అంది అమ్మాయి. చుక్క తర్వాత నాలుగంకెలు చదివించి, తిరిగి అప్పజెప్పి, సరే అనిపించుకుంది.

ఆ నాలుగంకెలు ఎందుకంటే, చుక్క తర్వాత ఒకే అంకె ఉంటే పదకొండు కిలోమీటర్ల మేర అనుమానం. రామారెడ్డి కాక కామారెడ్డి కావచ్చు. రెండుంటే ఒక కిలోమీటరు. మూడుంటే నూట పది మీటర్లు. నాలుగుంటే పదకొండు మీటర్లు, అంటే ఒక షెడ్డూ దాని వాకిలీ. ఊళ్ళోని యువకులు నలుగురు, తాళ్ళూ ట్రాక్టరు ట్యూబులూ పట్టుకుని, ఆ అంకెలు ఫోనులో పెట్టుకుని, మెరక వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళారు. తెల్లవారుజామున బావను తీసుకొచ్చారు. అక్కయ్య ఆయన్ని చూసి ఏడవలేదు. "తువ్వాల ఏదీ?" అని అడిగింది.

కనుక పాఠకులకు ఒక మనవి. ఈ ఆదివారం మీ యింటి వాకిట్లో నిలబడి, మీ ఫోనులో యీ రెండంకెలూ చూడండి. ముందు అక్షాంశం, దాని పక్కన ఉత్తరం. తర్వాత రేఖాంశం, దాని పక్కన తూర్పు. చుక్క తర్వాత నాలుగేసి అంకెలు ఉండాలి. పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి, క్యాలెండరు పక్కన అంటించండి. పొలం ఉంటే, బావి దగ్గరివి కూడా. ఇంట్లో ఉండే అమ్మమ్మకూ, బడికి వెళ్ళే పిల్లవాడికీ వాటిని ఫోనులో తడబడకుండా చదవడం నేర్పండి. ఆ రాత్రి మబ్బు లేకపోతే అందరినీ మేడమీదికి తీసుకువెళ్ళి, ఉత్తరం వైపు పిడికిళ్ళు పట్టించండి. కాగితం మీద వ్రాసిన మొదటి అంకె సరైనదో కాదో ధ్రువుడే చెబుతాడు. రెండోదానికి మాత్రం గడియారాన్నే నమ్మాలి.